బొమ్మ రైలు ఆగిపోయిందా? స్క్రూ డ్రైవర్ తీసే ముందు చప్పుడు వినండి

సెల్స్‌తో నడిచే బొమ్మ రైలు ఆగిపోగానే చాలామంది మోటార్ పోయింది అని తేల్చేస్తారు, కానీ ఆ చిన్న మోటార్ అంత తేలిగ్గా పోదండీ, ఎక్కువసార్లు గొడవ సెల్స్ దగ్గరో, స్ప్రింగ్ దగ్గరో, ఇరుసుకి చుట్టుకున్న వెంట్రుక దగ్గరో ఉంటుంది. అందుకే ఏదీ విప్పకముందు ఇంజన్‌ని చేత్తో తలకిందులుగా పట్టుకుని, చక్రాలు గాల్లో ఉండగా స్విచ్ వేసి చెవి దగ్గర పెట్టుకోండి. అసలు చప్పుడే లేకపోతే కరెంట్ అందట్లేదు. చప్పుడుంది, చక్రం తిరగట్లేదు అంటే గేర్ల దగ్గర తేడా. గాల్లో బాగానే తిరిగి కింద పెడితే మొరాయిస్తుంటే చక్రాల రబ్బరో పట్టాలో చూసుకోవాలి. ఇది తేలితే సగం పని అయిపోయినట్టే.

అసలు చప్పుడే లేదు

ముందు సెల్స్ సరైన వైపే పెట్టారా చూడండి, మామూలుగా చదునుగా ఉండే మైనస్ వైపు స్ప్రింగ్‌కి ఆనాలి. మూడు సెల్స్‌లో ఒక్కటి తిరగబడినా మిగతా రెండిట్లో ఒకదాని బలాన్ని అది తినేస్తుంది, 4.5 వోల్ట్లు రావాల్సిన చోట 1.5 మాత్రమే మిగుల్తుంది, దాంతో రైలు కదలదు.

సెల్ కొత్తదే కదా అని వదిలేయకండి. గోడ గడియారానికీ రిమోట్‌కీ సరిపోయే చవక జింక్ కార్బన్ సెల్స్ మోటార్ లాగే కరెంట్‌కి తట్టుకోలేవు, పెట్టిన కాసేపటికే నీరసపడిపోతాయి, రైలుకి ఆల్కలైన్ వాడాల్సిందే. వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ ఉంటే సెల్‌ని బయటకి తీసి కొలిస్తే సరిపోదు, ఎందుకంటే ఖాళీగా ఉన్నప్పుడు 1.4 చూపించే సెల్ కూడా మోటార్ తిరగడం మొదలవగానే కుప్పకూలొచ్చు, అందుకని స్విచ్ వేసి ఉంచి కొలవండి, అప్పుడు ఒక్కో సెల్ 1 వోల్ట్ దరిదాపుల్లోకి పడిపోతోందంటే దాని పని అయిపోయినట్టు. ఒకటి పాతది, ఒకటి కొత్తది కలిపి అస్సలు వేయొద్దు, పాతది ముందే ఖాళీ అయిపోయాక కూడా కొత్తది దాంట్లోంచి కరెంట్‌ని తోస్తూనే ఉంటుంది, చివరికి ఆ పాతది కారిపోతుంది.

చార్జింగ్ సెల్స్ వాడొచ్చా అంటే వాడొచ్చు. ఒక్కోటి 1.2 వోల్టే కాబట్టి రెండు సెల్స్ రైలుకి 3 బదులు 2.4 వస్తాయి, స్పీడ్ కొంచెం తగ్గుతుంది, కానీ లోడ్ పడినా వోల్టేజ్ నిలబడుతుంది కాబట్టి చివరిదాకా దాదాపు ఒకే స్పీడ్‌లో నడుస్తుంది. రోజూ ఆడే పిల్లలుంటే నా ఓటు వీటికే.

సెల్స్ బాగానే ఉన్నాయి అనుకుంటే ఇప్పుడు ఆ పెట్టెలో రేకుల్ని చూడండి. తెల్లగా పొడి పేరుకుందా? అది ఆల్కలైన్ సెల్ కారిన గుర్తు, లోపల ఉండేది క్షారం, చర్మానికి మంచిది కాదు కాబట్టి గ్లౌజులు వేసుకుని, కాటన్ బడ్‌ని వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ ముంచి తుడవండి, కొంచెం బుస్సుమంటుంది, తర్వాత తడి బడ్‌తో ఒకసారి తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. ఇంకా చిలుము ఉంటే పెన్సిల్ రబ్బరుతోనో సన్నటి గరుకు కాగితంతోనో రేకు మెరిసేదాకా రుద్దండి. స్ప్రింగ్ అణిగిపోయి ఉంటే కొంచెం పైకి లాగండి. స్ప్రింగే తుప్పు పట్టి విరిగిపోతే మాత్రం కొత్తది వేయించాలి, మధ్యలో వెండి కాగితం కుక్కి సరిపెట్టే అలవాటు చాలామందికి ఉంది, అది జారి రెండు రేకులకీ తగిలితే షార్ట్ అయ్యి సెల్స్ వేడెక్కిపోతాయి, వద్దు.

ఇవన్నీ అయ్యాక కూడా మౌనమే అయితే అప్పుడు విప్పండి. రెండు వైర్ ముక్కలతో ఒక మంచి సెల్‌ని నేరుగా మోటార్ రెండు కాళ్లకి తగిలించి చూడండి. తిరిగిందంటే మోటార్ బంగారం, తప్పు స్విచ్‌దో ఊడిన టంకందో లోపలి సర్క్యూట్ బోర్డ్‌దో.

లైట్ వెలుగుతుంది, కూత వస్తుంది, కదలబోయి మళ్లీ మొదటికొస్తుంది

ఇది చూసి బోర్డ్ కాలిపోయిందనుకుంటారు. మోటార్ మొదలయ్యే క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ లాగుతుంది, ఆ దెబ్బకి వోల్టేజ్ పడిపోయి బోర్డ్ మీది చిప్ ఆగి మళ్లీ లేస్తుంది, అందుకే కూత మళ్లీ మొదటినుంచి వస్తుంది. సెల్స్ మార్చండి, రేకులు తుడవండి. తగ్గకపోతే మోటార్‌ని ఏదో బిగించి పట్టుకుందన్నమాట, కింద చదవండి.

చప్పుడుంది, చక్రం తిరగట్లేదు

ఇక్కడ చప్పుడులో రెండు రకాలున్నాయి. ఊఁ అని సన్నగా మూలుగుతోందంటే మోటార్ తిరగబోయి ఇరుక్కుపోయింది. వెంటనే ఆపేయండి, అలా ఇరుక్కుని ఉన్నప్పుడే మోటార్ మామూలుగా తిరిగేటప్పటికన్నా చాలా ఎక్కువ కరెంట్ లాగి వేడెక్కుతుంది, కాలేది కూడా అప్పుడే. కారణం ఎక్కువగా వెంట్రుకలూ తివాచీ పోగులూ. చక్రం వెనక ఇరుసుకి ఎంత గట్టిగా చుట్టుకుంటాయంటే పైకి ఏమీ కనపడదు, భూతద్దం పెట్టి చూసి, సన్నటి మొన ఉన్న కత్తెరతో కోసి, పట్టకారుతో లాగేయాలి. తివాచీ మీద రైలు నడపకుండా ఉంటే ఈ గొడవ చాలా వరకు రాదు.

అలా కాకుండా గిర్రుమని హుషారుగా తిరుగుతున్న చప్పుడు వస్తూ చక్రం మాత్రం కదలట్లేదంటే మోటార్ కొసకి ఉండే బుల్లి పళ్ల చక్రం, అంటే పినియన్, పగిలి జారిపోతోంది. ఈ ప్లాస్టిక్ పినియన్‌ని ఇనప కడ్డీకి బిగుతుగా దిగ్గొడతారు, ఏళ్లు గడిచేకొద్దీ ఆ బిగువుకే అది సన్నగా చీలుతుంది. గమ్ వేసి అతికిస్తే ఎక్కువ రోజులు ఆగదు, పైగా గమ్ కారి మోటార్ బేరింగ్‌లోకి పోతే రెండూ పోతాయి. పళ్ల లెక్క, కడ్డీ మందం రెండూ చూసుకుని కొత్తది వేయడమే. టక టక టక అని ఆగి ఆగి వస్తుంటే ఏదో ఒక పన్ను విరిగింది.

పిల్లలకి ఒక్క మాట చెప్పాలి, స్విచ్ ఆపేసి ఉన్న ఇంజన్‌ని బలంగా చేత్తో తోయకూడదు. కొన్నిట్లో క్లచ్ ఉంటుంది, ఏమీ కాదు, కానీ మర లాంటి వార్మ్ గేర్ ఉన్నవాటిలో మోటార్ చక్రాన్ని తిప్పగలదేగానీ చక్రం మోటార్‌ని తిప్పలేదు, బలవంతం చేస్తే పళ్లు అరిగిపోతాయి.

నూనె విషయం. ఇరుసుకి కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క చాలు, అదీ సూది మొనతో. వంట నూనె వేస్తే కొన్నాళ్లకి జిగురైపోయి దుమ్మునంతా పట్టుకుంటుంది.

గాల్లో బాగా తిరుగుతుంది, పట్టా మీద జారుతుంది

ఇంజన్ చక్రాల్లో ఒకటో రెండో వాటికి సన్నటి రబ్బరు రింగు ఉంటుంది, లాగే బలం అంతా అక్కడే. అది ఊడిపోయినా, గట్టిపడినా, నూనె తగిలినా చక్రం తిరుగుతూనే ఉంటుంది, రైలు అక్కడే ఉంటుంది. సబ్బు నీళ్లతో తుడిచి చూడండి, పాడైతే కొలతకి సరిపోయే ఓ-రింగ్ వేయొచ్చు, బెలూన్ మూతి దగ్గర సన్నగా కోసిన రింగు కూడా కొంతకాలం పనిచేస్తుంది. రింగు మరీ మందంగా ఉంటే ఆ వైపు చక్రం పెద్దదైపోయి రైలు పక్కకి లాగుతుంది, అది చూసుకోండి.

ఎత్తు ఎక్కలేకపోతే కూడా మొదటి అనుమానం ఈ రబ్బరు మీదే, రెండోది సెల్స్, మూడోది వెనక తగిలించిన బోగీల లెక్క.

పట్టాలు తప్పుతోంది

ఎప్పుడూ ఒకే చోట పడుతుంటే తప్పు పట్టాది. ఎక్కడ పడితే అక్కడ పడుతుంటే తప్పు రైలుది. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలా టైం కలిసొస్తుంది.

ఒకే చోటైతే ఆ అతుకు మీద వేలితో నిమిరి చూడండి, మెట్టులా తగిలితే ఆ రెండు ముక్కలు సరిగ్గా కూర్చోలేదు, నేల ఎత్తుపల్లాలు కూడా ఇలాగే చేస్తాయి. ఎడమ వంపు అయిపోగానే వెంటనే కుడి వంపు పెడితే బోగీలు ఒకదాన్నొకటి లాక్కుని పడిపోతాయి, మధ్యలో ఒక తిన్నటి ముక్క వేయండి. రైలుదైతే ఒక్కో బోగీ తీసేస్తూ నడపండి, దొంగ దొరుకుతుంది. సాధారణంగా ఇరుసు మీద చక్రం పక్కకి జరిగి ఉంటుంది, మంచి బోగీ పక్కన పెట్టి సరిచూసి నెట్టండి. బరువైన బోగీ వెనకా, ఖాళీది ముందూ ఉంటే వంపు తిరిగేటప్పుడు ఖాళీది లోపలికి ఒరిగిపోతుంది, బరువుని ఇంజన్‌కి దగ్గరగా తగిలించండి.

అయస్కాంతంతో తగులుకునే బోగీలు కలవకుండా తోసుకుంటుంటే ఏం కాలేదు, ఆ బోగీని అటుది ఇటు తిప్పండి అంతే.

వేలితో తోస్తేనే మొదలవుతుంది

ఇది మాత్రం నిజంగా మోటార్ జబ్బే. లోపల మూడు తీగ చుట్టలుంటాయి, వాటిల్లో ఒకటి తెగినా, వాటికి కరెంట్ అందించే బ్రష్‌లు అరిగినా ఒక స్థానంలో ఆగినప్పుడు దానంతట అది లేవలేదు. బాగుచేయడానికి కష్టపడేకన్నా అదే సైజు, అదే వోల్టేజ్ మోటార్ కొని వేయడం మేలు. వేశాక రైలు వెనక్కి పోతుంటే కంగారొద్దు, రెండు వైర్లూ అటుదిటు మార్చండి.

రిమోట్ పలకట్లేదు

రిమోట్‌లో సెల్ చూడండి, ఇన్‌ఫ్రారెడ్ రకమైతే ఎండ నేరుగా పడే చోట సరిగ్గా పనిచేయదు, కర్టెన్ వేసి చూడండి. ఒక రిమోట్‌కి రెండు రైళ్లూ కదిలితే రెండిటి చానెల్ స్విచ్ ఒకే నంబర్ మీద ఉందన్నమాట. రిమోట్‌లో బటన్ సెల్ ఉంటే దాని మూత స్క్రూ ఎప్పుడూ బిగించే ఉంచండి, పిల్లలు మింగితే 2 గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, అనుమానం వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి.

బోర్డ్ నిజంగానే పోతే

లైటూ కూతా వద్దనుకుంటే సెల్ పెట్టె నుంచి ఒక మామూలు స్విచ్ ద్వారా మోటార్‌కి నేరుగా వైర్ ఇచ్చేయొచ్చు. ఇది సెల్స్ రకానికే, లోపల లిథియం ప్యాక్ ఉండి యూఎస్‌బీతో చార్జ్ అయ్యేదైతే బోర్డ్‌లో దాన్ని కాపాడే భాగం కూడా ఉండొచ్చు, దాని జోలికి పోవద్దు, ప్యాక్ ఉబ్బితే చార్జింగ్ కూడా పెట్టొద్దు. నేరుగా ఇచ్చాక రైలు ముందుకన్నా వేగంగా పరిగెత్తి వంపుల్లో పడిపోవచ్చు, ఎందుకంటే కొన్ని బోర్డులు మోటార్‌కి కరెంట్‌ని తగ్గించి ఇస్తాయి. అప్పుడు మోటార్ వైర్‌లో వరసగా ఒక సిలికాన్ డయోడ్ (కరెంట్‌ని ఒకే వైపుకి పోనిచ్చే చిన్న భాగం) కలపండి, ఒక్కోటి సుమారు 0.7 వోల్ట్ తగ్గిస్తుంది, సరిపోకపోతే ఇంకోటి, గీత ఉన్న కొస మాత్రం సెల్ మైనస్ వైపుకి తిరిగి ఉండాలి.