పిట్టల కోసం పొదలు పెడుతున్నారా? ముందు కత్తెర దాచేయండి

నర్సరీకెళ్ళి "పిట్టలొచ్చే మొక్క ఇవ్వండి" అంటే పూలు బాగున్నదేదో ఒకటి చేతిలో పెడతారు. నేనూ అలాగే ముద్దమందారం తెచ్చి ఏడాది పాటు కిటికీ దగ్గర కాపలా కాశాను, ఒక్క తేనెపిట్ట వాలితే ఒట్టు. ముద్దపూవులో రేకులు కిక్కిరిసి ఉంటాయి, తేనె దాకా ముక్కు పోవడం కష్టం. పక్కింటి గోడ మీది మామూలు ఒంటిరేక ఎర్రమందారానికి మాత్రం పొద్దున్నే గిరాకీ!

కాబట్టి అందం చూసి కొనకండి. పూవులో తేనె అందాలి, పూత కాయ కట్టాలి, ఆ పండు పిట్ట నోట్లో పట్టేంత ఉండాలి.

నన్నడిగితే మొదటి మొక్క వాక్కాయ. మల్లెల్లాంటి తెల్లటి పూలు, వానాకాలంలో గుత్తులుగా కాయలు, పైగా కొమ్మ కొమ్మకీ ముళ్ళు. ఆ ముళ్ళు చూసి ఇంట్లోవాళ్ళు గొడవ చేస్తారు గానీ పిల్లి ఎక్కలేని పొదలోనే పిట్ట ధైర్యంగా గూడు కడుతుంది. గేటు పక్కన, పిల్లలు ఆడుకునే చోట వద్దు, వెనక ప్రహరీ వెంట నాలుగైదు అడుగుల దూరంలో పెట్టండి. పచ్చికాయలు పప్పులోకి మనకి కావాలి, నల్లగా పండినవి వాటికి కావాలి, అందుకని చేతికందినవి మాత్రం కోసుకుని పైకొమ్మల జోలికి పోకూడదని మా ఇంట్లో ఒప్పందం.

రెండోది ఇప్పటికే మీ ఇంట్లో ఉండి ఉంటుంది, కరివేపాకు. రోజూ పోపు కోసం తుంచుతూ ఉంటాం కాబట్టి అది పూతకొచ్చే సందే ఉండదు. ఒక పక్క కొమ్మలు రెండు మూడు వదిలేసి చూడండి, తెల్లటి పూత వచ్చి, కాయలు ఎర్రబడి నల్లబడేసరికి పిగిలిపిట్టలు జంటగా దిగుతాయి. ఆకుల మీద ఆకుపచ్చ గొంగళిపురుగులు కనిపిస్తే మందు కొట్టకండి బాబూ, పండ్లు తినే పిట్టలు కూడా గూట్లో పిల్లలకి పురుగులే ఎక్కువగా పెడతాయి.

నేల లేదు, బాల్కనీయే ఉంది అంటే హమేలియా. మన దేశపు మొక్క కాదు, అమెరికా ఖండాలది, అయినా పెద్ద సిమెంటు కుండీలో, మంచి ఎండ ఉంటే ఏడాదిలో చాలాకాలం నారింజ రంగు గొట్టం పూలు పూస్తుంది, వెనకే చిన్న చిన్న నల్లపండ్లు. నూరు వరహాలు కూడా బాగుంటుంది, కాకపోతే కురచ హైబ్రిడ్ కాకుండా పాతకాలపు ఎర్రపూల రకం అడిగి తీసుకోండి.

వద్దనేవి కూడా చెప్పాలి. లాంటానా పండ్లు పిట్టలకి ఇష్టమే, చిక్కు కూడా అక్కడే ఉంది: అవి గింజలు మోసుకెళ్ళి అడవిలో వేస్తాయి, అక్కడ అది మిగతా మొక్కల్ని మింగేస్తుంది. దురంతా పసుపు పండ్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కానీ పిల్లలూ కుక్కలూ తింటే ప్రమాదం.

తొలకరి పడ్డాక నాటితే నీళ్ళ టెన్షన్ తగ్గుతుంది. ఆ తర్వాత కష్టమైన పని ఒక్కటే, కత్తిరించకుండా ఉండడం. చదరంగా, గోడలాగా కత్తిరించిన పొదలో పూతా ఉండదు, కాయా ఉండదు. తప్పదనుకుంటే కాయలన్నీ అయిపోయాక, లోపల గూడు లేదని చూసుకుని, ఒక వైపు మాత్రమే కత్తిరించండి. పొద పక్కన లోతు లేని మట్టి మూకుడులో నీళ్ళు పెట్టి రోజూ మార్చండి, ఎండాకాలంలో పండ్ల కంటే దానికే ఎక్కువ పిట్టలొస్తాయి.

ఇక పిట్టలు రావడం మొదలయ్యాక అవి వేసిన గింజలతో అడగని మొక్కలు కూడా మొలుస్తాయి. కరివేపాకు మొలకలైతే పక్కింటివాళ్ళకి పంచుకోవచ్చు, గోడ పగుల్లో రావి మొలక కనిపిస్తే మాత్రం రెండాకులప్పుడే పీకేయండి.