రాసిన రోజే తీర్పు చెప్పుకోకండి

కథ ముగించిన రాత్రే దాన్ని చదువుకుని, ఇక రాయడం తమవల్ల కాదని నిరాశపడేవారు చాలామంది. నేనూ కొన్నేళ్లపాటు అలాగే కాగితాలు చింపేశాను. రాతప్రతిని పది రోజులు బీరువాలో ఉంచి, తరువాత పెన్సిలు పట్టుకుని బిగ్గరగా చదవండి. మొదటి విడతలో తప్పుల జోలికి వెళ్లకుండా, నాలుక తడబడకుండా సాగిన వాక్యాల పక్కన మాత్రమే చిన్న గీత పెట్టండి. అలా గీత పడిన ఒక వాక్యమే, అమ్మమ్మ చేటలో బియ్యం చెరిగే చప్పుడు గురించినది, నా కథకు కొత్త ఎత్తుగడ అయింది. గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' నాటకాన్ని ఎంతో పెంచి, మార్పులు చేసి, 1909లో మళ్లీ వెలువరించారు. నేడు మనం ఎక్కువగా చదువుతున్నది ఆ రెండవ రూపాన్నే. తడబడిన చోట్లను మరునాటి ఉదయం, రోజుకొక్క పేరా చొప్పున, తిరగరాయడం మొదలుపెట్టవచ్చు.