విద్యుత్ కారా, పెట్రోలు కారా: లెక్క కరెంటు మీటరు దగ్గర మొదలుపెట్టండి

కారు కొనదలచినవారు సాధారణంగా ముందు షోరూముకు వెళతారు, ధర, మైలేజీ అడుగుతారు, ఆ తరువాతే మిగతా విషయాలు ఆలోచిస్తారు. విద్యుత్ కారు విషయంలో ఈ వరుసను తిరగేయాలి. మొదట కారు రాత్రిపూట నిలిచే చోటు, తరువాత ఇంటి కరెంటు బిల్లు, ఆ పిమ్మట నెలకు తిరిగే దూరం చూసుకోవాలి. షోరూము ధర వీటన్నిటి తరువాతి మాట.

సొంత ఇల్లు ఉన్నవారికి 15 ఆంపియర్ల ప్లగ్ పాయింటు, సరైన ఎర్తింగ్ ఉంటే చాలావరకు సరిపోతుంది. 45 యూనిట్ల బ్యాటరీ పూర్తిగా నిండడానికి ఆ ప్లగ్‌పై పదిహేను గంటల దాకా పట్టవచ్చు గాని, రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగే కారు ఖర్చు చేసేది ఆరు యూనిట్లే కనుక రెండు మూడు గంటల్లో ఆ లోటు తీరిపోతుంది. 7.2 కిలోవాట్ల గోడ ఛార్జరు పెట్టించుకునేవారు మాత్రం ఇంటికి మంజూరైన లోడు (ఒకేసారి వాడుకోగల కరెంటు పరిమితి) ఎంతో బిల్లుపై చూసుకుని, చాలకపోతే పెంచమని డిస్కంకు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థకు, దరఖాస్తు చేయాలి. అపార్టుమెంటులో ఉండేవారి చిక్కు వేరు. సెల్లారులో మీ మీటరు నుంచి మీ పార్కింగ్ స్థలం వరకు కేబుల్ లాగడానికి అసోసియేషన్ అనుమతి కావాలి, అది నోటిమాటగా కాక కాగితంపై ఉండాలి. కార్యదర్శి మారిన మరునాడే పాత మాట చెల్లకుండా పోవడం మన అపార్టుమెంట్లలో కొత్త కాదు.

ఇక కరెంటు ఖర్చు. అమ్మకందారులు యూనిట్‌కు ఐదారు రూపాయలు వేసి లెక్క చూపిస్తారు, కాని తెలంగాణలో గృహ విద్యుత్ ధర శ్లాబులను బట్టి పెరుగుతుంది. నెలకు 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లు 5.10, తరువాతి వంద 7.70, ఆపై వంద 9.00, 400 దాటాక 800 వరకు 9.50 రూపాయల చొప్పున పడుతున్నాయి. కారు వాడే కరెంటు ఇంటి వాడకం మీద అదనంగా చేరుతుంది కాబట్టి అది ఎప్పుడూ పై శ్లాబులోనే పడుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. నెలకు 250 యూనిట్లు వాడే ఇంట్లో, నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగే కారు ఉందనుకుందాం. ఛార్జింగ్‌లో వృథా అయ్యేది కూడా కలుపుకుని యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల చొప్పున ఆ కారుకు సుమారు 171 యూనిట్లు కావాలి. ఈ శ్లాబుల ప్రకారం విద్యుత్ ఛార్జీ 1,405 నుంచి దాదాపు 2,890 రూపాయలకు పెరుగుతుంది, అంటే కారు ఖర్చు నెలకు సుమారు 1,500. ఇంతే దూరానికి నగరంలో లీటరుకు 13 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారు, లీటరు 107 రూపాయల లెక్కన, 9,900 రూపాయల దాకా తాగుతుంది. శ్లాబుల దెబ్బ తిన్నా మిగులు నెలకు 8,400. ఇంటి దగ్గర వీలులేక యూనిట్‌కు పన్నుతో కలిపి 23, 24 రూపాయలు పడే పబ్లిక్ ఫాస్ట్ ఛార్జర్ల మీదే ఆధారపడితే ఖర్చు 4,000 ప్రాంతానికి చేరి, మిగులు ఆరువేలకు తగ్గుతుంది. ఆ ఛార్జరు దగ్గర కూర్చునే సమయానికి వెల కట్టలేదు సుమా.

ధరల పోలికలో రెండు జాగ్రత్తలు అవసరం. విద్యుత్ కారులో గేర్లు మార్చే పని ఉండదు కనుక దానిని పెట్రోలు కారులో ఆటోమేటిక్ రకంతో పోల్చాలి. రెండవది, ఆన్‌రోడ్ ధరనే చూడాలి. విద్యుత్ కార్లపై జీఎస్టీ 5 శాతం కాగా, చిన్న పెట్రోలు కార్లపై 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 శాతానికి తగ్గింది, దానితో షోరూములో పెట్రోలు కారు మరింత చవకగా కనిపిస్తోంది. అయితే తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ప్రకటించిన విధానం ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము లేవు. 11 లక్షల పెట్రోలు కారుపై 18 శాతం రోడ్డు పన్ను వేస్తే సుమారు రెండు లక్షలు. అందువల్ల 14 లక్షల విద్యుత్ కారుతో షోరూములో కనిపించిన మూడు లక్షల తేడా రోడ్డెక్కేసరికి లక్షకు దిగివస్తుంది. పై ఉదాహరణలోని కుటుంబానికి ఆ లక్ష ఏడాదిలో తిరిగివస్తుంది. నెలకు 400 కిలోమీటర్లే తిరిగే ఇంటికి మాత్రం మూడేళ్లు పడుతుంది. పన్ను మినహాయింపు లేని చోట తేడా మూడు లక్షలుగానే నిలిస్తే తొమ్మిదేళ్లు, అటువంటివారు పెట్రోలు కారు కొనుక్కోవడమే మేలు.

దూర ప్రయాణాల విషయంలో కంపెనీ చెప్పే రేంజ్‌ను నమ్మి బయలుదేరకూడదు. టాటా నెక్సాన్ విద్యుత్ కారులో 45 యూనిట్ల రకానికి పరీక్షలో వచ్చిన దూరం 489 కిలోమీటర్లు, కాని తయారీ సంస్థే వాస్తవ వాడకానికి 350 నుంచి 370 మధ్య అంచనా చెబుతుంది. మే నెల ఎండలో ఏసీ వేసుకుని వందకు పైగా వేగంతో పోతే అది ఇంకా తగ్గుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు 275 కిలోమీటర్లే ఉన్నా, సూర్యాపేట ప్రాంతంలో టిఫిన్‌కు ఆగినప్పుడే కాస్త ఛార్జింగ్ పెట్టుకోవడం నిశ్చింత. సంక్రాంతికి ముందు రోజుల్లో ఆ దారిలోని పంతంగి టోల్‌ప్లాజా దగ్గర నిలిచే బారులు తెలిసినవారు, అదే రద్దీ ఛార్జర్ల దగ్గరా ఉంటుందని ఊహించుకుని బయలుదేరాలి.

బ్యాటరీకి సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంటుంది, కాని సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే మారుస్తారో ఆ పత్రంలో చదివి తెలుసుకోవాలి. బీమాలో థర్డ్ పార్టీ ప్రీమియంపై 15 శాతం తగ్గింపు ఉన్నా, కారు విలువ ఎక్కువ కనుక మొత్తం ప్రీమియం పెరగవచ్చు. ఇంజన్ ఆయిల్, క్లచ్ వంటివి లేనందున సర్వీసు ఖర్చు తక్కువే. నాలుగైదేళ్లకు కారు మార్చే అలవాటున్నవారు మాత్రం ఇదే మోడల్ పాత కారుకు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఏ ధర పలుకుతోందో ముందే విచారించి, ఆ నష్టాన్ని కూడా పై మిగులులో నుంచి తీసివేయాలి.

బుకింగ్ సొమ్ము కట్టేముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి కేబుల్ దూరం కొలిపించి, అసోసియేషన్ అనుమతి పత్రం చేతికి తీసుకోండి.