విశాఖ తీరపు ప్రవాహాలకు మోడల్ కట్టడం ఎలా?

సామాను సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. మోడల్‌కి రోమ్స్ (సముద్రాన్ని గడులుగా, పొరలుగా కోసి ప్రవాహాలు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం), లోతులకి జెబ్కో (ప్రపంచ సముద్రాల లోతుల పటం), గాలికి ఈఆర్ఏ5 (గంటగంటకీ వాతావరణ లెక్కలు), మనం తీసుకున్న ప్రాంతపు బయటి సరిహద్దుల దగ్గర ఇవ్వడానికి ఏదైనా పెద్ద సముద్ర మోడల్ ఫలితం. అన్నీ ఉచితమే. గ్రిడ్‌లో ఒక్కో గడి 2 కిలోమీటర్లు, నిలువునా 30 పొరలు. గడి అంతకంటే పెద్దదైనా, పొరలు అంతకంటే తగ్గినా మొదలుపెట్టకండి. విశాఖ దగ్గర ఖండతీరపు అంచు (ఒడ్డు నుంచి లోతు ఒక్కసారిగా పడిపోయే చోటు దాకా ఉండే నిస్సార సముద్రం) వెడల్పే సుమారు 40 కిలోమీటర్లు. దాన్ని 5 కిలోమీటర్ల గడులతో కొలిస్తే మిగిలేవి ఎనిమిది గడులు!

ఇక అందరూ బోల్తా పడే చోటు: అడుగును నున్నగా చేయడం.

రోమ్స్ పొరలు సముద్రపు అడుగుతో పాటే వంగుతాయి. మెట్లుమెట్లుగా ఉండే గ్రిడ్ కన్నా ఇదే మేలు. నీరు వాలు వెంట జారాలి గానీ మెట్లు దూకకూడదు కదా. కానీ దీనికో మూల్యం ఉంది. ఏటవాలు దగ్గర పీడన ప్రవణత (నీటిని నెట్టే, చోటుకీ చోటుకీ ఉండే పీడనపు తేడా) రెండు పెద్ద అంకెల తేడాగా వస్తుంది. లక్షల పద్దుల్లో పైసల తప్పు జరిగినా, మిగిలేదే పైసలైతే లెక్కంతా తప్పే. అక్కడ లేని ప్రవాహం పుట్టుకొస్తుంది.

పక్కపక్క గడుల లోతుల తేడాను వాటి మొత్తంతో భాగించండి. 0.2 దాటకూడదు. 100, 150 మీటర్లయితే సరిగ్గా 0.2. 100, 200 అయితే 0.33, అంటే నున్న చేయాల్సిందే. అలాగని చీపురుతో ఊడ్చినట్టు చేయకండి. అంచు ఎక్కడ విరుగుతుందో అదే చెరిగిపోతే, ప్రవాహం దేన్ని పట్టుకుని నడుస్తుంది? నున్న చేశాక పాత పటంతో పోల్చి 200 మీటర్ల లోతు గీత ఎంత జరిగిందో చూడండి. రెండు గడులు దాటితే మళ్ళీ చేయండి.

తర్వాత పరీక్ష. గాలి, నది, ఆటుపోటు అన్నీ ఆపేయండి. సరిహద్దులు మూసేయండి. ఉష్ణోగ్రత, ఉప్పదనం లోతును బట్టి మాత్రమే మారేలా పెట్టి 30 రోజులు నడపండి. నీరు కదలకూడదు. సెకనుకు 1 సెంటీమీటరు దాటిందా, అడుగు దగ్గరికి వెనక్కి వెళ్ళండి. పైనుంచి కిందిదాకా ఒకే సాంద్రత పెట్టి "పాసయింది సార్" అన్న కుర్రాణ్ణి చూశాను. అలా పెడితే ఎవరిదైనా పాసవుతుంది.

గాలి సులువే. ఒక్క జాగ్రత్త: రోజు సగటు గాలి ఇవ్వకండి. గాలి నీటి మీద వేసే ఒత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి సగటు తీస్తే సాయంత్రపు గాలి బలమంతా కరిగిపోతుంది. గంటగంటకీ ఇవ్వండి. నైరుతి గాలి తీరం వెంట వీస్తే పైనీరు కుడివైపుకి, అంటే సముద్రంలోకి జరిగి, ఒడ్డు దగ్గర చల్లనీరు పైకి రావాలి. రాకపోతే గాలి దిశ తిరగేసి చదివినట్టే.

తేలిక నీటికి, అంటే ఉప్పునీటి మీద తేలే నది నీటికి, గోదావరి వరదను నెలవారీగా ఇవ్వండి, ఏడాది సగటు కాదు. అక్టోబరు తర్వాత తీరం వెంట దక్షిణానికి వచ్చే తియ్యటి నీటిలో గంగా బ్రహ్మపుత్రల వాటా కూడా ఉంటుంది. అది ఉత్తరపు సరిహద్దు నుంచి రావాలి. ఆ సరిహద్దు ఉప్పదనం చూడకుండా గోదావరినే పెంచుతూ పోయేవాళ్ళతో నాకు వాదించే ఓపిక లేదు.