టూల్ తెరిచే ముందు కాగితం తీయండి

2009లో అమీర్‌పేటలో, మైత్రీవనం పక్క సందులో జావా నేర్చుకున్నాను. పొద్దున స్ట్రట్స్ (జావాలో వెబ్ పేజీలు కట్టే టూల్), సాయంత్రం హైబర్నేట్ (జావాని డేటాబేస్‌తో కలిపే టూల్), మధ్యలో నోట్సు కోసం జిరాక్స్ షాపు. యానొటేషన్లన్నీ (కోడులో @తో రాసే గుర్తులు) కంఠతా వచ్చేవి. ఉద్యోగంలో చేరిన ఏడాదికి ఆర్డర్ల రిపోర్టు పేజీ ఒకటి నా చేతికొచ్చింది. తెరుచుకోవడానికి ఇరవై సెకన్లు పట్టేది. రెండు రోజుల పాటు క్యాష్ సెట్టింగులు, కనెక్షన్ పూల్ సైజులు మార్చి మార్చి చూశాను. ఒక్క సెకను కూడా తగ్గలేదు.

టీమ్‌లో సీనియర్ ఒకావిడ నా పక్కన కూర్చుని ఒకే ప్రశ్న అడిగారు: "ఈ పేజీ ఒక్కసారి తెరిస్తే డేటాబేస్ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్తోందో లెక్కపెట్టావా?"

హైబర్నేట్ పంపే ప్రతి క్వెరీనీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) లాగ్‌లో చూపే షో ఎస్‌క్యూఎల్ సెట్టింగు ఆన్ చేసి పేజీ తెరిచాను. లాగ్ ఆగకుండా పరుగెత్తింది. ఆర్డర్ల జాబితాకి ఒక క్వెరీ, ఆ తర్వాత ఒక్కో ఆర్డరులోని సరుకుల కోసం ఒక్కో క్వెరీ. 400 ఆర్డర్లకి 401 క్వెరీలు. ఆర్డర్లనీ వాటి సరుకులనీ ఒకే క్వెరీలో తెచ్చే జాయిన్ ఫెచ్ పెడితే అన్నీ కలిసి ఒక్కటయ్యాయి. ఒకే ఆర్డరు రెండు మూడుసార్లు కనబడకుండా డిస్టింక్ట్ కూడా చేర్చాను. పేజీ రెండు సెకన్లలోపే వచ్చేసింది. జాయిన్ ఫెచ్ నాకు తెలియనిదేం కాదు, నా నోట్సులోనే ఉంది. దాన్ని ఎప్పుడు తియ్యాలో చెప్పే ప్రశ్న మాత్రం ఏ నోట్సులోనూ లేదు.

అప్పటినుంచి ఏ సమస్య వచ్చినా ముందు కాగితం మీద తెలుగులో రాస్తాను. మీరూ రాసి చూడండి. "పేజీ స్లోగా ఉంది" అంటే చాలదు. "మార్చి నెల ఎంచుకుంటే 20 సెకన్లు, మిగతా నెలలకి ఒక సెకను" అనేంత వరకు రాయండి. ఏం ఇస్తున్నాం, ఏం రావాలి, ఇప్పుడు ఏం వస్తోంది, ఈ మూడూ ఉండాలి. చాలాసార్లు ఆ "మార్చి నెల" లాంటి మాట దగ్గరే పెన్ను ఆగిపోతుంది, కారణం అక్కడే దొరుకుతుంది. తర్వాత డేటాని మూడు వరుసలకి కుదించి, ప్రోగ్రాం చేసే పనిని చేత్తో చేయండి. 400 ఆర్డర్లలో కనబడని తప్పు మూడింటిలో కనబడుతుంది.

అయినా దొరక్కపోతే, తప్పు దాగున్న చోటుని సగానికి కోస్తూ వెళ్లండి. "పోయిన నెల పనిచేసింది, ఇప్పుడు చేయట్లేదు" అన్నప్పుడు గిట్ (కోడులో మార్పుల చరిత్ర దాచే టూల్) ఇచ్చే బైసెక్ట్ కమాండు చేసేది ఇదే. మధ్య కమిట్ (దాచిన ఒక్కో మార్పు) తీసి చూపిస్తుంది, బాగుందో లేదో మీరు చెప్పాలి. వెయ్యి కమిట్లున్నా పది ప్రయత్నాల్లో తేలిపోతుంది.

ఇదంతా చదివి టూల్స్ అక్కర్లేదనుకోవద్దు. జాయిన్ ఫెచ్ తెలియకపోతే ఆవిడ ప్రశ్న విన్నాక కూడా నేను అలాగే కూర్చునేవాణ్ణి. ఒక్క టూల్‌నైనా అడుగుదాకా నేర్చుకోండి. నన్నడిగితే అది డేటాబేస్ అవ్వాలి. నేను ఫీజు కట్టి నేర్చుకున్న స్ట్రట్స్ 1కి సపోర్టు 2013లో ఆగిపోయింది. తర్వాత నేర్చుకున్న యాంగ్యులర్‌జేఎస్‌కి (ఇప్పటి యాంగ్యులర్‌కి ముందు తరం వెబ్ టూల్) 2021 చివరితో ఆగింది. 1970లలో పుట్టిన ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కి క్వెరీలు రాసే భాష) మాత్రం ఇవాళ పొద్దున కూడా రాశాను. ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీని ఎలా నడుపుతుందో డేటాబేస్ చేతే చెప్పించే కమాండు) ఫలితం చదవడం వస్తే డేటాబేస్ ఏ దారిన వెళ్తోందో కళ్లకి కడుతుంది. ఉదాహరణకి, తేదీ కాలమ్ మీద ఇండెక్స్ (పుస్తకం వెనక విషయసూచిక లాంటిది) ఉన్నా, వేర్ క్లాజులో (క్వెరీలో షరతు రాసే చోటు) ఆ కాలమ్‌కి ఇయర్ ఫంక్షన్ తొడిగి "సంవత్సరం 2015" అని అడిగితే ఆ ఇండెక్స్ మామూలుగా పనికిరాదు, టేబుల్ మొత్తం చదువుతుంది. "2015 జనవరి 1 నుంచి, 2016 జనవరి 1కి ముందు వరకు" అని హద్దులిస్తే ఇండెక్స్ వాడుకుంటుంది. ఫలితం ఒకటే, పట్టే టైము వేరు.

వెబ్ పేజీలు కట్టడానికి రియాక్ట్ నేర్చుకోవాలా, యాంగ్యులరా అని జూనియర్లు అడుగుతుంటారు. మీ కంపెనీలో ఏది వాడితే అది నేర్చుకోండి, ఆ ప్రశ్నకి వారం రోజులు ఖర్చు పెట్టకండి. ఆ టైములో ఒక నోటుబుక్ పెట్టుకోండి. తేదీ, సమస్య ఒక్క వాక్యంలో, మీరు మొదట అనుకున్న కారణం, చివరికి తేలిన కారణం. మూడో గడికీ నాలుగో గడికీ తేడా వచ్చిన చోట ఎర్ర పెన్నుతో గీత గీయండి. నెలాఖరున ఎర్ర గీతలు మాత్రమే చదవండి. తర్వాత ఏం నేర్చుకోవాలో వాటిలోనే ఉంటుంది.