సైకిల్‌కి ట్రైలర్ తగిలించి ఇంటి సరుకులు తెచ్చుకోవడం ఎలా?

25 కిలోల బియ్యం బస్తా, 5 లీటర్ల నూనె క్యాన్, వారానికి సరిపడా కూరగాయలు. ఇంత మాత్రం సామానుకి హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో కారు తీస్తారు, లేదంటే ఆటో మాట్లాడతారు. తీరా చూస్తే దూరం రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఇంట్లో సైకిల్ ఉన్నా అది పొద్దుటి వ్యాయామానికే. క్యారియర్ మీద బస్తా కడితే ముందు భాగం తేలిపోయి సైకిల్ ఊగుతుంది, హ్యాండిల్‌కి సంచులు తగిలిస్తే మోకాళ్లకి కొట్టుకుంటాయి. వెనక చిన్న ట్రైలర్ ఉంటే ఈ రెండు బాధలూ ఉండవు. బరువంతా ట్రైలర్ చక్రాల మీద కూర్చుంటుంది, సైకిల్ దాన్ని లాక్కుంటూ వస్తుంది.

"అంత బరువు తొక్కగలమా?" అని చాలామంది అడుగుతారు. చదునైన రోడ్డు మీద, చిన్న గేరులో, నిదానంగా అయితే మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లు ఎవరైనా తొక్కగలరు. నా ఉద్దేశంలో కాళ్ల బలం గురించి టెన్షన్ పడేకంటే రెండు విషయాలు పట్టించుకోవాలి: బరువు ట్రైలర్‌లో ఎక్కడ పెట్టారు, ఏ దారిన వస్తున్నారు. మిగతాదంతా వీటి చుట్టూ తిరిగేదే.

ఏం తేవాలో ముందు లెక్క వేసుకోండి

ట్రైలర్ కొనకముందు ఒక నెలపాటు ఇంటికి వచ్చే సామాను గమనించండి. 20 లీటర్ల నీళ్ల క్యాన్ అంటే నీళ్లే 20 కిలోలు. బియ్యం 25, పప్పూ ఉప్పూ చింతపండూ కలిపి ఇంకో పది. ఇస్త్రీ బట్టల మూట, పాత పేపర్లు, కొరియర్ డబ్బాలు బరువుండవు కానీ చోటు తింటాయి. ఇవన్నీ ఒకేసారి తేం కాబట్టి చాలా ఇళ్లకి 40 కిలోలు మోసే రెండు చక్రాల ట్రైలర్ సరిపోతుంది. ఒంటి చక్రం ట్రైలర్లు కూడా దొరుకుతాయి. అవి ఇరుకు దారుల్లో బాగా వస్తాయి, కానీ సైకిల్ ఆపగానే పక్కకి ఒరుగుతాయి, సామాను ఎక్కించేటప్పుడు ఒకరు పట్టుకోవాలి. సరుకులకి రెండు చక్రాలదే నయం.

గ్యాస్ సిలిండర్ జోలికి వెళ్లకండి. గ్యాస్ 14.2 కిలోలు, ఖాళీ సిలిండర్ ఇంకో 15 కిలోలకి పైనే ఉంటుంది, పైగా నిలబెట్టే తేవాలి. అది ఎలాగూ ఇంటికి వచ్చి ఇస్తారు. అలాగే సామాను ట్రైలర్‌లో పిల్లల్ని కూర్చోబెట్టొద్దు, పక్క వీధిదాకా అయినా సరే. పిల్లల కోసం బెల్టులూ చుట్టూ రక్షణ ఫ్రేమూ ఉన్న ట్రైలర్లు వేరే ఉంటాయి.

ఇంకో మాట, టేపు పట్టుకుని మీ అపార్ట్‌మెంట్ చిన్న గేటు, లిఫ్ట్ తలుపు కొలవండి. 75 సెంటీమీటర్ల వెడల్పున్న ట్రైలర్ కొని, గేటు 70 ఉంటే రోజూ బాధే.

వెల్డింగ్ షాపులో చేయించుకుంటే

రెడీమేడ్ ట్రైలర్ ధర ఎక్కువ అనిపిస్తే చేయించుకోవచ్చు. బాలానగర్ వైపు వెల్డింగ్ పని చేసే షాపులకి కొదవ లేదు, నట్లూ బోల్టులూ బేరింగులూ కావాలంటే రాణిగంజ్ ఉంది. షాపు అన్నకి నోటితో చెబితే చాలదు, కాగితం మీద కొలతలతో బొమ్మ గీసి ఇవ్వండి.

కొలతకి ఆధారంగా కూరగాయల ప్లాస్టిక్ క్రేటుని తీసుకోండి. మార్కెట్లలో కనిపించే క్రేటు సాధారణంగా 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు ఉంటుంది. దాన్ని అడ్డంగా ఒకటి, దాని వెనకే ఇంకొకటి పెట్టేలా ఫ్రేము చేయిస్తే సామాను సర్దడం, దించడం, లిఫ్ట్‌లో పైకి తీసుకెళ్లడం అన్నీ తేలికవుతాయి. చక్రాలకి పిల్లల సైకిల్‌వి, 16 లేదా 20 అంగుళాలవి, పాతవైనా పర్లేదు. అయితే ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. సైకిల్ చక్రం ఇరుసు రెండు చివర్లా ఆనుకుని ఉండేలా తయారైంది. ఒక వైపే బిగించి రెండో చివర గాలిలో వదిలేస్తే బరువుకి ఇరుసు వంగిపోతుంది, చక్రం మడత పడుతుంది. కాబట్టి ప్రతి చక్రానికీ లోపలా బయటా రెండు వైపులా పట్టీ ఉండాలి. బయటి పట్టీ ఎందుకు, ఇనుము దండగ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

అడుగు భాగం ఎంత కిందికి ఉంటే అంత మంచిది. ఫ్రేము చక్రాల పైన కూర్చోకుండా, చక్రాల మధ్య వేలాడేలా చేయించండి.

జోడింపు: ఇక్కడ తొందర పనికిరాదు

ట్రైలర్ కాడి, అంటే ముందుకి చాచి ఉండే లాగుడు కడ్డీ, సైకిల్ వెనక చక్రం ఇరుసుకి, ఎడమ వైపు తగులుతుంది. కుడి వైపు చైన్ ఉంటుంది కాబట్టి అటు కుదరదు. సీటు గొట్టానికి తగిలించే రకాలూ ఉన్నాయి, కానీ బరువు సామానుకి ఇరుసు దగ్గరిదే స్థిరంగా ఉంటుంది, ఎందుకంటే లాగే చోటు కిందికి ఉంటుంది.

చాలా సైకిళ్లకి 15 నంబరు స్పానరు సరిపోతుంది. ఎడమ నట్టు విప్పండి. జోడింపు పట్టీని ఫ్రేము బయటి వైపు ఇరుసులోకి ఎక్కించండి, దాని మీద వాషరు, ఆ తర్వాత నట్టు. బిగించాక నట్టు బయటికి ఇరుసు మరలు కనీసం ఒకటి రెండు చుట్లు కనిపించాలి. నట్టు అంచు లోపలే ఇరుసు ఆగిపోయిందంటే, పట్టీ మందానికి మీ ఇరుసు పొడవు చాలట్లేదు. సైకిల్ షాపులో పొడవైన ఇరుసు వేయించాలి, సర్దుకుపోవడం వద్దు. బిగించాక చక్రం తిప్పి చూడండి, రిమ్ము రెండు బ్రేకు బ్లాకులకీ మధ్యలో తిరగాలి. లివర్ తిప్పితే ఊడొచ్చే రకం చక్రమైతే దానికి తగిన పొడవాటి కడ్డీ కావాలి. కార్బన్ ఫ్రేము సైకిల్‌కి ట్రైలర్ తగిలించకండి.

కాడినీ పట్టీనీ కలిపే పిన్ను ఉంటుంది. అది ఊడిపోతే ట్రైలర్ రోడ్డు మీద తన దారిన తాను పోతుంది. అందుకే రెండో కాపలాగా ఒక నైలాన్ బెల్టు సైకిల్ వెనక గొట్టం చుట్టూ తిప్పి కాడికి కట్టాలి. దీన్ని దాటవేయడానికి ఏ కారణమూ చాలదు.

సైకిల్ సంగతి

ట్రైలర్‌కి బ్రేకులుండవు, కాబట్టి ఆపే పనంతా సైకిల్ బ్రేకులదే. మీరూ సైకిలూ కలిపి 85 కిలోలు, ట్రైలర్ సామానుతో 45 కిలోలు అనుకుందాం. అదే బ్రేకు బలంతో ఖాళీగా 4 మీటర్లలో ఆగే సైకిల్‌కి ఇప్పుడు 6 మీటర్లు పడుతుంది. బ్లాకులు అరిగి ఉంటే ముందు అవి మార్చండి. గేర్లు లేని సైకిలైనా చదునైన కాలనీలకి సరిపోతుంది. బ్యాటరీ సైకిల్ ఉన్నవాళ్లకి ఎత్తులు ఇంకా తేలిక. 250 వాట్ల మోటారు, గంటకి 25 కిలోమీటర్ల వేగం మించని సైకిల్‌కి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

బరువు ఎక్కడ పెట్టాలి

ఎడ్లబండి తోలినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. బరువు ముందుకి పడితే ఎద్దుల మెడలు నలుగుతాయి, వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది. ట్రైలర్‌కీ అదే లెక్క. బరువు చక్రాల ఇరుసుకి కొద్దిగా ముందుండాలి. మొత్తం బరువులో పదో వంతు కంటే తక్కువ, కానీ సున్నా కాకుండా, జోడింపు మీద ఆనాలి. 40 కిలోలకి 3 కిలోలు బాగుంటుంది.

ఇరుసు నుంచి జోడింపు దాకా 120 సెంటీమీటర్లు ఉందనుకోండి. 25 కిలోల బస్తా నడిమి భాగం ఇరుసుకి 15 సెంటీమీటర్లు ముందుంటే జోడింపు మీద 3 కిలోల కంటే కాస్త ఎక్కువ పడుతుంది. అదే బస్తాని ఇరుసుకి 15 సెంటీమీటర్లు వెనక పెడితే సైకిల్ వెనక చక్రాన్ని 3 కిలోల బలంతో పైకి ఎత్తుతుంటుంది. చక్రానికి నేల పట్టు తగ్గుతుంది, ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. అడుగు తేడా అంతే. లగేజీ తూచే చిన్న కాటా ఇంట్లో ఉంటే దాని కొక్కేన్ని కాడి చివర తగిలించి, జోడింపు ఉండే ఎత్తుకి లేపి చూడండి. రెండు మూడు సార్లు చూశాక చేతికే తెలిసిపోతుంది.

ముందు సైకిల్‌కి తగిలించాకే సామాను ఎక్కించాలి. విడిగా ఉన్న ట్రైలర్‌లో బస్తా పడేస్తే అది ముందుకో వెనక్కో బోల్తా కొడుతుంది. ఎక్కించేటప్పుడు సైకిల్ కదలకుండా పాత ట్యూబు ముక్కతో బ్రేకు లివర్‌ని హ్యాండిల్‌కి బిగించి కట్టేయండి, చేతి బ్రేకు వేసినట్టే. బస్తా అడుగున, ఇరుసుకి కాస్త ముందు. క్యాన్లు దాని పక్కన, కుడి ఎడమలు సమంగా. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ఆ తర్వాత. టమాటా, ఆకుకూరలు పైన. గుడ్ల అట్ట మాత్రం వీపు సంచిలోనే పెట్టుకోండి, మన రోడ్లకి ట్రైలర్‌లో గుడ్లు నిలవవు. అన్నీ సర్దాక హుక్కుల రబ్బరు తాళ్లతో అడ్డంగా, ఐమూలగా బిగించాలి. చేత్తో క్రేటుని గట్టిగా ఊపండి. సామాను దానికదే కదిలితే ఇంకో తాడు వేయాలి. తాడు కొసలు చక్రాల పుల్లల్లోకి వేలాడకూడదు.

ఎండాకాలం అయితే ఆకుకూరల మీద తడి గోనె సంచి కప్పండి. వానాకాలం టార్పాలిన్ ముక్క ఎప్పుడూ అడుగునే ఉండాలి.

రోడ్డెక్కే ముందు ఖాళీ మైదానంలో

ఆదివారం పొద్దున ఏదైనా స్కూలు గ్రౌండులోనో, కాలనీ చివరి ఖాళీ రోడ్డులోనో ముందు ఖాళీ ట్రైలర్‌తో, తర్వాత నీళ్ల క్యాన్లతో తిరగండి. మలుపు తిరిగేటప్పుడు ట్రైలర్ చక్రాలు సైకిల్ వెళ్లిన దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఎడమకి తిరగాలంటే మూలకి కాస్త దూరంగా వెళ్లి తిరగండి, లేకపోతే ఒక చక్రం ఫుట్‌పాత్ అంచు ఎక్కి ట్రైలర్ తిరగబడుతుంది. ఖాళీ ట్రైలర్ ఇంకా తేలిగ్గా ఎగురుతుంది కాబట్టి, తిరుగు ప్రయాణంలో కంటే షాపుకి వెళ్లేటప్పుడే దాని మీద ఓ కన్నేసి ఉంచాలి.

హైదరాబాద్ రోడ్ల మీద

సైకిల్‌కి ఒకటే జాడ. ట్రైలర్ తగిలించాక మూడు జాడలు. మీరు గుంతని తప్పించుకుని నేరుగా వెళ్లిపోతారు, ఎడమ చక్రం అదే గుంతలో పడుతుంది. కాబట్టి గుంత కనిపిస్తే తప్పించుకోవడం కంటే నెమ్మదించడం మేలు. వానకి నీళ్లు నిలిచిన చోటికి అసలు వెళ్లొద్దు, కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో చెప్పలేం. స్పీడ్ బ్రేకర్ దగ్గర మీ సైకిల్ దిగాక కూడా ఒక క్షణం ఆగి, ట్రైలర్ చక్రాలు దాటాకే మళ్లీ తొక్కాలి.

దారి విషయంలో నేను పట్టుబట్టేది ఒకటే, దూరం కాస్త ఎక్కువైనా కాలనీ లోపలి రోడ్లే పట్టండి. మేం ఉండేది సనత్‌నగర్ వైపు. ఎర్రగడ్డ రైతు బజార్‌కి మెట్రో పిల్లర్ల పక్కనుంచి వెళ్లే దారి ఉన్నా, లోపలి వీధులనుంచే వెళ్తాను. మెయిన్ రోడ్డు తప్పనిసరిగా దాటాల్సి వస్తే బస్సుల మధ్య యూ టర్న్ తీసుకోకుండా, దిగి జీబ్రా క్రాసింగ్ మీద నడిపించుకుంటూ దాటండి. ఫ్లైఓవర్లు వద్దు. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ సోలార్ పైకప్పుతో వచ్చింది. వ్యాయామానికి బాగుంది, సంతోషమే. కానీ కిరాణా షాపుకీ పిండి గిర్నీకీ వెళ్లే మామూలు వీధుల్లో సైకిల్‌కి ఒక పక్క చోటిస్తే ఇంకా ఎక్కువమందికి పనికొస్తుందని నా గట్టి నమ్మకం.

ఎత్తుల లెక్క కూడా తెలిసి ఉండాలి. వంద అడుగులకి ఐదడుగులు లేచే రోడ్డు మీద 40 కిలోల ట్రైలర్ మిమ్మల్ని సుమారు 2 కిలోల బలంతో వెనక్కి లాగుతుంది. వినడానికి తక్కువే, కానీ బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ లాంటి చోట్ల ఆ లాగుడు ఆగకుండా ఉంటుంది. ఎక్కలేకపోతే దిగి తోసుకెళ్లండి. ఎత్తు మీంచి కిందికి వచ్చేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. పైనుంచే నెమ్మదిగా మొదలుపెట్టి, రెండు బ్రేకులూ కలిపి, విడిచి విడిచి వేయాలి. తడి రోడ్డు మీద మలుపులో గట్టిగా బ్రేకు వేస్తే ట్రైలర్ వెనకనుంచి తోసి సైకిల్‌ని పక్కకి నెట్టేస్తుంది. మలుపుకి ముందే వేగం తగ్గించుకోండి.

ట్రైలర్ కిందికి ఉంటుంది కాబట్టి వెనక వచ్చే కార్లకి, లారీలకి కనిపించదు. మనిషి తల ఎత్తులో ఎర్ర జెండా కట్టిన సన్నటి కర్ర, వెనక రెండు మూలలా ఎర్ర రిఫ్లెక్టర్లు, చీకటి పడితే ట్రైలర్‌కే ఒక ఎర్ర లైటు పెట్టండి. సైకిల్ లైటు సామాను చాటున పడిపోతుంది. మే నెలలో పొద్దున తొమ్మిదిలోపే పని ముగించుకోండి, రైతు బజార్లో కూరలు తాజాగా ఉండేదీ అప్పుడే.

ఆపడం, తాళం, మరమ్మతు

షాపు ముందు ట్రైలర్‌తో ఆపితే రెండు స్కూటర్ల చోటు పడుతుంది. గోడకి ఆనించి, షాపు వాళ్లకి ఒక మాట చెప్పి వెళ్లండి. పొడవాటి గొలుసు తాళం తీసుకుని సైకిల్ వెనక చక్రం, ట్రైలర్ ఫ్రేము, దగ్గర్లో ఉన్న స్తంభం మూడూ కలిపి వేయాలి. పిన్ను లాగితే ట్రైలర్ విడిపోతుందని మర్చిపోవద్దు.

బయల్దేరే ప్రతిసారీ పిన్ను, బెల్టు, ట్రైలర్ రెండు టైర్లలో గాలి చూడండి. నెలకోసారి జోడింపు నట్టుకి స్పానరు పెట్టి, వెల్డింగ్ అతుకుల దగ్గర పెయింటు పగిలిందేమో వేలితో తడిమి చూడండి, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. పంచర్ సామానుతోపాటు ట్రైలర్ చక్రం సైజు ట్యూబు ఒకటి విడిగా ఉంచుకోండి. సైకిల్ ట్యూబు దానికి సరిపోదు, 16 అంగుళాల ట్యూబు ప్రతి పంచర్ షాపులోనూ దొరకదు.