ట్రక్ క్యాంపర్ బరువు కాటా మీదే తేలాలి

అమెరికాలో పికప్ ట్రక్కు వెనక తొట్టిలో క్యాంపర్ (పడక, వంట వసతి ఉన్న చిన్న గది) ఎక్కించుకుని తిరగాలనుకునేవాళ్లకి ఒక మాట. బ్రోషర్‌లో రాసే ‘డ్రై వెయిట్’ నమ్మి లెక్కలు వేసుకోకండి. అందులో నీళ్లు, గ్యాస్, మీ సామాను ఉండవు. చాలాసార్లు ఏసీ, ఆనింగ్ (బయటికి చాచే నీడ పందిరి), అదనపు బ్యాటరీ కూడా కలపరు. గాలన్ నీళ్లే సుమారు 8.3 పౌండ్లు, 40 గాలన్ల ట్యాంకు నిండితే 330 పైమాటే. ఇక బియ్యం బస్తా, గ్రైండర్ సంగతి మీ ఇష్టం!

హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే లారీలు తూచే కాటా ఉంటుంది. మొదట క్యాంపర్ లేకుండా, డీజిల్ ఫుల్ చేసి ట్రక్కుని తూయించండి. తర్వాత ట్రిప్పుకి వెళ్లేటట్టే అన్నీ సర్ది, నీళ్లు నింపి, మళ్లీ డీజిల్ ఫుల్ చేసి, అదే మనుషులతో తూయించండి. కాటా దగ్గర ఇచ్చే రెండు చీటీల తేడానే సామానుతో సహా క్యాంపర్ అసలు బరువు.

మొత్తం ఒక్కటే చూసి ఊరుకోకండి. భారం ఎక్కువగా వెనక ఇరుసు మీదే పడుతుంది. చీటీలో దాని అంకె విడిగా ఉంటుంది. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ మీద వెనక ఇరుసు జీఏడబ్ల్యూఆర్, అంటే ఆ ఇరుసు మోయగల గరిష్ఠ బరువు, కనిపిస్తుంది. దాన్ని దాటితే ముందు నీళ్లు తగ్గించండి, తర్వాత గ్రైండర్ దించండి.